పాటకు చెక్కుబంది

ఈ మధ్య మా బస్సుల్లో పాటలు వేయడం మానేశారు. ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియక మీకు చెప్పుకుంటున్నాను. హోసూరు నుంచి కృష్ణగిరికి గంటకు పైగా ప్రయాణం. ఆ రోజుల్లో డ్రైవరు ఏ పాట వేస్తే బస్సులో ఉన్న అరవై మందీ (నిలబడ్డవాళ్ళతో కలిపి) అదే వినాలి; నచ్చినా, నచ్చకపోయినా, ఆ భాష రాకపోయినా. నేనెక్కే బస్సులో ఒక స్పీకరు గొంతు పోయి, కుడివైపు కూర్చున్నవాళ్ళకు తబలా ఒక్కటే వినిపించేది. అయినా సర్దుకుపోయేవాళ్ళం. ఇప్పుడు ఎవరి చెవుల్లో వాళ్ళకు తెల్లటి బిరడాలు. పక్కాయన్ను "శూలగిరి దాటిందా?" అని అడిగితే చిరునవ్వుతో తలాడిస్తాడు. అది దాటిందనో, పాట బాగుందనో మనం దిగేదాకా తెలియదు.

పాట ఎవరిది అన్న ప్రశ్న ఆ రోజుల్లో ఎవరికీ వచ్చేది కాదు. వినపడినవాడిది, అంతే. నాకు మాత్రం వచ్చింది, అదీ వృత్తిరీత్యా, ఇరవై నాలుగేళ్ళ వయసులో, అన్ని సమాధానాలూ తెలిసిన మొహం పెట్టుకుని కూర్చోవలసిన కుర్చీలో. ఆ రోజుల్లో అంటే రాజుల కాలం కాదు, పదేళ్ళ కిందటి మాట. బెంగళూరులో లా చదివి, నల్లకోటు కుట్టించుకుని, న్యాయప్రపంచం నా కోసం ఎదురుచూస్తోందన్న అభిప్రాయంతో కృష్ణగిరిలో ఒక సీనియరు దగ్గర జూనియరుగా చేరాను. నా కోసం నిజంగా ఎదురుచూస్తున్నది జిరాక్సు కాగితాల కట్ట. మా ఊరు బాగలూరు. రోజూ పొద్దున హోసూరు వచ్చి, అక్కడ కృష్ణగిరి బస్సెక్కేవాణ్ణి. (మా అవ్వ బతికున్నప్పుడు ఇంటి ముందు కూర్చుని కనకాంబరాలు కడుతూ ఏదో పాడుతూ ఉండేది. కాంట్రాక్టు చట్టం చదువుకోవాలి, కాస్త ఆపమని నేనే అన్నాను. ఆపింది. ఆ పేపర్లో నాకు నలభై ఒక్క మార్కులు వచ్చాయి.)

మా సీనియరును ఊళ్ళో అందరూ 'చెక్కుబంది సారు' అనేవారు. చెక్కుబంది అంటే భూమి పత్రాల్లో ఆస్తికి నాలుగు దిక్కులా ఏమున్నాయో రాసే హద్దుల పట్టీ: తూర్పున ఫలానా వారి మామిడితోట, పడమర బండిబాట, అలా. సారుకు నలభై ఏళ్ళుగా లోకమంటే అదే. భార్యాభర్తలు విడాకులకు వస్తే ముందు ఇంటికి నాలుగు హద్దులు అడిగి రాసుకునేవారు. మూడో దిక్కు వచ్చేసరికి, ఉత్తరం గోడ ఇద్దరూ కలిసి కట్టించిన సంగతి గుర్తొచ్చి, కొందరు లేచి వెళ్ళిపోయేవారు. ఒకసారి సైకిలు పోయిందని వచ్చినాయన్ను "పోయినప్పుడు సైకిలుకు తూర్పున ఏముండె?" అని అడిగారు. టీ కొట్టు అని చెబుతూ ఉండగానే, సైకిలు పోలేదనీ, తానే దాన్ని ఆ టీ కొట్టు ముందు మరిచిపోయి వచ్చాననీ ఆయనకు గుర్తొచ్చింది. ఇలాంటి విజయాల వల్ల సారుకు తన పద్ధతి మీద నమ్మకం ఏటేటా పెరుగుతూ వచ్చింది.

నాకూ అదే నేర్పించారు. ఏ కాగితం చేతికొచ్చినా ముందు 'లింకు' చూడాలి, అంటే ఈ ఆస్తి ఎవరి నుంచి ఎవరికి ఎలా వచ్చిందో, వెనక్కి వెనక్కి పోయి గొలుసు సరిగ్గా ఉందో లేదో చూడాలి. తర్వాత దాని మీద తాకట్టు, తగాదా, మెలిక ఏమైనా ఉన్నాయా అని చూడాలి. దాన్ని మా వైపు 'విల్లంగం' అంటారు. చివరగా చెక్కుబంది. అన్నీ సరిగ్గా ఉంటే ఒక్కో పేరాకు ఎర్ర పెన్సిలుతో ఒక టిక్కు పెట్టి, కింద 'విల్లంగం లేదు' అని రాసి సంతకం చేయాలి. ఆ ఎర్ర పెన్సిలు నా చేతికిచ్చిన రోజు నేను ఇంటికి బస్సులో నిలబడే వెళ్ళాను. సీటు ఖాళీగానే ఉంది. కూర్చుంటే ఆ గౌరవం నలుగుతుందనిపించింది.

మామిడికాయల లారీలతో ఊరంతా ఇరుకైపోయిన రోజుల్లో, ఒక ఉదయం, మా ఆఫీసు మెట్లెక్కి ముగ్గురు వచ్చారు. ముందు ఎర్ర తువ్వాలు భుజాన వేసుకున్న ఒక తండ్రి, వెనక ఆయన కూతురు, పదేళ్ళుంటాయి, ఆ వెనక పిల్ల అవ్వ, అంటే ఆయన తల్లి. రాయకోట దారిలో కొండ పక్క పల్లె. తాతల నాటి నుంచీ గొర్రెలు మేపుకునే ఇల్లు. ఇప్పుడు మంద ఇరవైకి తగ్గింది, తండ్రి హోసూరులో ఫ్యాక్టరీ షిఫ్టుకు పోతున్నాడు. పిల్లను ఇంట్లో 'గంట' అంటారట. ఎందుకంటారో నాకు ఇంకో పది నిమిషాల్లో తెలిసింది.

"లాయరప్పా, ఈ కాగితం రవ్వంత సూడల్ల," అని ఆయన పద్నాలుగు పేజీల ఇంగ్లీషు కట్ట నా బల్ల మీద పెట్టాడు. "బెంగళూరోళ్ళు పంపినారు. పాప పాటను రికార్డు చేస్తారంట."

"ఏ పాట?"

"గొర్రెల్ని పిల్చే పాటప్పా. ఎవుడో బైకులో పోతా పోతా ఫోన్లో తీసుకున్నాడు. అది యాడ యాడనో తిరిగి బెంగళూరుకు పోయినాది."

ఆ వీడియో ఆయన ఫోనులో చూశాను. పిల్ల ఒక బండ మీద నిలబడి పాడుతుంటే, మూడు వైపుల నుంచి, మూడు గుట్టల మీద నుంచి, గొర్రెలు మేత వదిలి దిగి వస్తున్నాయి. చివర తీసినవాడి గొంతు "అయ్యో దేవుడా" అనడం కూడా ఉంది. బాగానే ఉంది అన్నాను, నాకు సంగీతం తెలిసినట్టు. తండ్రికి నా 'బాగానే' నచ్చలేదు.

"గంటా, పాడి సూపీయ్ సారుకి."

"ఈడ గొర్రెల్లేవు గదా నాయనా," అంది పిల్ల.

"లాయరప్ప ఉండాడు. సాలు, పాడు."

పిల్ల నన్ను ఒకసారి చూసి, నేను చాలనని నిర్ణయించుకుని, కిటికీలోంచి కనిపించే కోట కొండ వైపు తిరిగింది.

*దిగి రావే ఎర్రదానా, కొండ దిగి రావే,*
*పొద్దు వాలె, వంక నిండె, నీళ్ళు తాగ రావే...*

ఆ గొంతు తీయగా ఉందని నేను చెప్పలేను. తీపితో దానికి పనిలేదు. అది దూరానికి కట్టిన గొంతు. గదిలో ఉన్న మనుషులను దాటేసి, కిటికీ దాటేసి, బస్టాండు దాటేసి, కొండ మీద ఎవరో ఉన్నారని గట్టిగా నమ్మి పిలిచే గొంతు. ఎర్రదాని తర్వాత చుక్కదాన్ని పిలిచింది, బూడిదదాన్ని పిలిచింది, కుంటిదాన్ని పిలిచింది, చివర ఒంటిచెవిదాన్ని పిలిచి, 'హో' అని ఒక్క దీర్ఘం తీసింది. కింద జిరాక్సు మిషను ఆగిపోయింది. వీధిలో ఒక లారీవాడు హారను మీద పెట్టిన చెయ్యి తీసేశాడు. ఎదురుగా మటన్ కొట్టు ముందు కట్టేసిన మేకపోతు లేచి నిలబడి, తాడు ఎంతవరకు వస్తే అంతవరకు మా మెట్ల వైపు వచ్చింది. (దానికి ఆ రోజు అంతకంటే పెద్ద సమస్యలున్నాయి. అయినా వచ్చింది.) నా ఎర్ర పెన్సిలు కింద పడి దొర్లిపోతూ ఉంటే ఆ చప్పుడు నాకు వినిపించింది. మా ఆఫీసులో పెన్సిలు పడిన చప్పుడు వినపడటం అదే మొదటిసారి.

"రెండు రోజుల్లో చూసి పెడతాను," అన్నాను, బల్ల కింద పెన్సిలు వెతుక్కుంటూ.

సారు ఆ వారం కోర్టు పని మీద సేలంలో ఉన్నారు. పాటల ఒప్పందం జిల్లాలో అంతవరకు ఎవరూ చూసి ఉండరు, నాకంటే అర్హుడు లేడు అన్న ధైర్యం వచ్చింది. రెండు రోజులు కూర్చుని ఇరవై రెండు షరతులూ చదివాను. పాప మైనరు, మైనరు చేసిన ఒప్పందం చెల్లదు అని కనిపెట్టి చాలా సంతోషించాను. నాలుగో పేజీలో, తండ్రి సంరక్షకుడిగా సంతకం చేయాలని ముందే రాసి ఉండటం చూసి కాస్త తగ్గాను. పదకొండు కామాలు దిద్దాను. ఒక చోట హక్కులు 'భూమండలమే కాక విశ్వమంతటా' అని ఉంది. చెక్కుబంది లేని ఆస్తి అంటే ఇదే కాబోలు అనుకున్నాను. పైగా, పాపకు అంతరిక్షంలో కూడా పేరు వస్తుందని ముచ్చటపడ్డాను. ఇరవై రెండు షరతులకూ ఇరవై రెండు టిక్కులు పెట్టి, కింద 'విల్లంగం లేదు' అని రాసి, సంతకం చేసి, దాని పక్కన తేదీ కూడా వేశాను. అందంగా వచ్చింది.

మూడో రోజు ముగ్గురూ వచ్చారు. తండ్రి షిఫ్టు మానుకుని వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. కంపెనీ మనిషి మర్నాడు బెంగళూరు నుంచి వస్తున్నాడు, ఆయన ముందు సంతకం చేస్తే సరి. నేను ఒక్కో షరతూ తెలుగులో చెప్పాను, డాక్టరు మందుల చీటీ చదివినంత వేగంగా. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని, నా నోటి వైపు కాకుండా నా వేలి వైపు చూస్తూ ఉంది. తొమ్మిదో షరతు దగ్గర, "ఈ పాట ఇకపై కంపెనీది, వాళ్ళ అనుమతి లేకుండా బయట పాడకూడదు. ఇది మామూలే," అని పదో దానికి పోయాను.

"అన్నా," అంది గంట.

"ఏమ్మా?"

"సాయంత్రం గొర్రెల్ని పిల్చల్లంటే వాళ్ళకు ఫోన్ చెయ్యల్లా?"

నవ్వాను. తండ్రి కూడా నవ్వాడు. "సుమ్నే ఉండు గంటా, సారు చెప్తా ఉండాడు గదా," అన్నాడు. పిల్ల నవ్వలేదు.

"రోజూ చెయ్యల్లా, ఒగసారి చేస్తే సాలునా? మా కొండ పైన సిగ్నలు రాదన్నా."

పిల్లను ఊరడించడానికి మాత్రమే, కేవలం మర్యాద కోసం, వెనక్కి పోయి తొమ్మిదో షరతు మళ్ళీ చదివాను. సదరు పాట, దాని మాటలు, పిలుపులు, కూతలు, వాటిని పోలిన ఏ ధ్వని అయినా, ఏ చోట, ఏ సందర్భంలో, ఏ శ్రోతల ముందు అయినా, కంపెనీ రాతమూలకమైన ముందస్తు అనుమతి లేకుండా కళాకారిణి గానీ ఆమె కుటుంబీకులు గానీ పాడరాదు. గొర్రెలు శ్రోతల కిందికి రావు కదా అన్న ఆశతో మొదటి పేజీలో నిర్వచనాలు చూశాను. శ్రోత అంటే 'వినగల ఎవరైనా లేదా ఏదైనా' అని ఉంది. గొర్రెలు వినగలవు. సాక్ష్యం వీడియోలోనే ఉంది.

చదువుకున్నవాడి మొహంలో రంగు మారడం పల్లె మనుషులు త్వరగా పసిగడతారు. "ఏమప్పా?" అన్నాడు తండ్రి. "ఫోన్ చెయ్యల్లా ఏమి?"

"రాత... రాతమూలకంగా," అన్నాను.

గంట కళ్ళలో నీళ్ళు తిరగలేదు. అది వేరే రకం పిల్ల. అవ్వ కొంగు చివర పట్టుకుని, చాలా నెమ్మదిగా, లెక్కల టీచరుకు అప్పజెప్పినట్టు అంది: "అట్లయితే నాకు రికార్డు వద్దు. అద్దాల రూములో పాడల్లని ఆశ ఉండాది. అయినా వద్దు. సాయంత్రం నేను పిల్వకపోతే ఒంటిచెవిది రాదు. నక్కలుండాయి."

తండ్రి చేతిలో పెన్ను ఉంది. నిన్నటిదాకా ఆయనకు కూతురు గొంతు బెంగళూరులో వినపడుతుందన్న గర్వం ఒక్కటే. ఇప్పుడు ఒక పక్క ఆ గర్వం, ఒక పక్క సాయంత్రం కొండ మీద ఒంటిచెవి గొర్రె. మధ్యలో నా ఇరవై రెండు టిక్కులు. ఆ క్షణంలోనే మెట్ల మీద సేలం బస్సు దుమ్ముతో చెక్కుబంది సారు ప్రత్యక్షమయ్యారు.

జరిగింది చెప్పాను. ముఖ్యంగా కామాలు దిద్దిన సంగతి చెప్పాను. సారు కాగితాలు తీసుకుని, నా సంతకం చూసి, దాని పక్కన తేదీ కూడా చూశారు. కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, నలభై ఏళ్ళుగా ప్రతి మనిషినీ అడిగిన ప్రశ్నే అడిగారు. "లింకు యాడప్పా?"

"సార్, ఇది పాట సార్. భూమి కాదు."

"ఈడ రాసినారు గదా, పాటకు పాప ఒక్కతే సొంతదారు, ఎవురికీ ఇంగ హక్కు లేదు అని. ఆ మాట చెప్పి అమ్మల్లంటే లింకు ఉండల్ల గదా." అవ్వ వైపు తిరిగారు. "అమ్మా, ఈ పాట నీకు ఎవురిచ్చిరి?"

అవ్వ మొదటిసారి నోరు తెరిచింది. "మా అత్త. నేను కోడలై వచ్చిన ఏడాది నేర్పినాది. 'బూడిదదానా' అని వస్తాది సూడు, ఆ వరస మా అత్తది. ఆమె కాలంలో మంద ముందర నడిచింది బూడిద గొర్రె."

"ఆమెకు?"

"వాళ్ళమ్మ. కావేరిపట్టణం పక్కన ఏటి గడ్డనుంచి వచ్చినామె. 'వంక నిండె' అనేది ఆమె కలిపిందే, వాళ్ళకు నీళ్ళెక్కువ గదా. చుక్కది ఆమెది."

"ఆమెకు?"

అవ్వ చెబుతూ పోయింది. నేను కాగితం తీసుకుని గీతలు గీస్తూ పోయాను. అత్త, అత్త తల్లి, ఆమె మేనత్త ('పొద్దు వాలె' ఆమెది), ఆ పైన పేరు పోయి 'ఎర్రదాని ఆమె' అని మాత్రం మిగిలిన ఒకామె. ఆ పైన అవ్వకూ తెలియదు. కుంటి గొర్రె అవ్వది. పుట్టినప్పుడు దాన్ని నెల రోజులు భుజాన మోసిందట. ఒంటిచెవిది గంటది. పోయినేడు కుక్క చెవి కొరికేసిన పిల్ల గొర్రె ఇప్పుడు మంద ముందు నడుస్తోంది, అందుకని పాటలోకి వచ్చింది. నేను పాటలో గొర్రెల పేర్లు అనుకున్నవి పేర్లు కావు. ఒక్కో పాదం ఒక్కో ఆడమనిషి వేసిన వేలిముద్ర. ఎవరి తర్వాత ఎవరో, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో, వరస తప్పకుండా, సాయంత్రం సాయంత్రం కొండకు చదివి వినిపిస్తూ వచ్చారు. లింకు కోసం నేను ఎక్కడెక్కడో వెతుకుతున్నాను, పాటే పత్రం.

ఆ గదిలో బీరువాల నిండా పత్రాలున్నాయి. అన్నదమ్ములు కొట్టుకున్నవి, దొంగ సంతకాలవి, చచ్చిపోయినవాడు మర్నాడు వచ్చి రాసిచ్చినవి. సారు నా గీతల కాగితం తీసుకుని చాలాసేపు చూశారు. "ఇన్ని తరాలు దాటి వచ్చినాది. ఒక తగాదా లేదు, ఒక భాగపరిష్కారం లేదు, ఒక మగోడు లేడు," అన్నారు. మళ్ళీ కాగితం చూసి, "నా సర్వీసులో ఇంత శుద్ధమైన లింకు సూడలేదప్పా," అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయన కళ్ళజోడు తీసేశారు. ఆయన కళ్ళజోడు తీయడం నేను అంతకు ముందు ఒకసారే చూశాను, జడ్జి గారు లోపలికి వచ్చినప్పుడు.

మర్నాడు కంపెనీ మనిషి వచ్చాడు. ఆంధ్రా నుంచి బెంగళూరుకు వచ్చి స్థిరపడ్డ కుర్రాడు, మెడలో పెద్ద హెడ్‌ఫోను, హారంలాగా. మేం మార్పులు కావాలంటే నొచ్చుకున్నాడు. "సార్, ఇది స్టాండర్డ్ ఫార్మాటండీ. పెద్ద పెద్ద సింగర్లే చదవకుండా సంతకం పెట్టేస్తారండీ."

"ఆ విల్లంగం వాళ్ళది," అన్నారు సారు. "ఇదేమో పాప కాకుండా ఐదుగురు ఆడోళ్ళ ఉమ్మడి ఆస్తి. నలుగురు సంతకానికి రాలేరు. ఉన్న ఒక్క అవ్వ ఈడనే కూర్చోనుండాది. తండ్రి యాడ అమ్మేది? ఆయనకు ఇందులో సెంటు భూమి లేదు."

తండ్రి సిగ్గుపడి, అవునన్నట్టు తలాడించాడు.

"నాకు పాటొద్దు సార్, రికార్డింగు చాలు," అన్నాడు హెడ్‌ఫోను కుర్రాడు, విసుగ్గా.

"అదే రాస్తాము. దానికి చెక్కుబంది చెప్పు. తూర్పున ఏముండాది?"

"దేనికి తూర్పునండీ?"

"పాటకు."

కుర్రాడు నా వైపు చూశాడు. నేను ఎంతో పనున్నవాడిలా పెన్సిలు చెక్కుతున్నాను. సారు అతణ్ణి వదిలేసి గంటను దగ్గరికి పిలిచి, స్టాంపు కాగితం మీద పెన్ను పెట్టి, పెద్దమనిషితో మాట్లాడినట్టు అడిగారు. "పాపా, ఈ పాట యాడ యాడ పాడతావు? దిక్కు చెప్పి చెప్పల్ల."

గంట గది మధ్యలో నిలబడి, వాళ్ళ ఊళ్ళో నిలబడ్డట్టు కళ్ళు మూసుకుంది. చెయ్యి చాచింది. "పడమర కొండ. ఆడ గొర్రెల్ని పిలుస్తాను." సారు రాశారు. "తూర్పున అమ్మోరి గుడి. జాతరలో అవ్వా నేనూ పాడతాము." రాశారు. "ఉత్తరాన మా ఇల్లు. చెల్లిని నిద్రపుచ్చేటప్పుడు మెల్లిగా పాడతాను." రాశారు. దక్షిణం వైపు తిరిగి పిల్ల ఆగిపోయింది.

"దక్షిణం?"

"ఆ పక్క ఎవురూ లేరు సార్. బయలు."

"ఏదన్నా ఉండల్లమ్మా. హద్దు లేకుండా పత్రం నిల్వదు."

పిల్ల ఆలోచించింది. "అయితే అది నా కూతురికి పెట్టండి. ఇంగా పుట్టలేదు. పుట్టినంక నేర్పల్ల గదా."

సారు పెన్ను ఆగింది. ఇంకా పుట్టనివారికి ఆస్తి ఎలా సంక్రమిస్తుందన్నది మా కాలేజీలో ఒక సెక్షను. రెండేళ్ళు చెప్పినా మా లెక్చరరుకు అర్థం కాలేదు, మాకూ అర్థం కాలేదు, పరీక్షలో వచ్చినప్పుడు అందరం రెండో ప్రశ్నకు పోయాం. పదేళ్ళ పిల్ల దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేసి, ఇంకేమైనా ఉందా అన్నట్టు చూస్తోంది. సారు రాశారు: 'దక్షిణం: కళాకారిణికి పుట్టబోవు సంతానమునకు నేర్పు హక్కు.' దాని కింద: 'ఈ నాలుగు హద్దుల నడుమ గల ఒక్క రికార్డింగు మాత్రమే కంపెనీ వారిది. పాట కాదు.'

కుర్రాడు నోరు తెరవబోయాడు. "ఒగసారి పాడుతుంది, విను," అన్నాడు తండ్రి. పిల్ల కోట కొండ వైపు తిరిగి పాడింది. కుర్రాడు ఎందుకో మెడలోంచి హెడ్‌ఫోను తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పాట అయ్యాక, మేం అడగకుండానే, బయటికెళ్ళి వాళ్ళ ఆఫీసుకు ఫోను చేసి ముప్పావు గంట మాట్లాడాడు. (మటన్ కొట్టు ముందు ఆ రోజు వేరే మేక ఉంది. అదీ లేచి నిలబడింది.)

పది రోజులకు కాగితాలు బెంగళూరు నుంచి సంతకాలతో తిరిగి వచ్చాయి. చెక్కుబంది పక్కన వాళ్ళ లాయరెవరో సన్నటి పెన్సిలుతో ఇంగ్లీషులో ఒక ప్రశ్న వేశాడు: 'పడమర' అంటే నిజంగా పడమరేనా? సారు దాని కింద 'అవును' అని రాసి పంపారు. గంట అద్దాల గదికి వెళ్ళింది. మొదట ఎవరిని పిలవాలో తెలియక నిలబడిపోయిందట. హెడ్‌ఫోను కుర్రాడే ఒక మూలకు పోయి నిలబడి, గొర్రెగా సహకరించాడట. ఆ రికార్డింగు ఇప్పటికీ ఉంది. బాగుంటుంది. బస్సులో నేనూ చెవుల్లో తెల్లటి బిరడాలు పెట్టుకుని దాన్నే వింటాను (ఫిర్యాదు చేసినవాణ్ణే, కానీ పక్కాయన శూలగిరి గురించి అడిగితే బిరడా తీసి జవాబు చెబుతాను). ఎర్రదాని తర్వాత చుక్కది, చుక్కదాని తర్వాత బూడిదది. ఎర్ర పెన్సిలు జేబులో పెట్టుకుని, ఖాళీ సీటు పక్కన ఛాతీ విరుచుకుని నిలబడ్డ ఆ కుర్ర లాయరు ఎక్కడో నా ముందే నిలబడి ఉన్నట్టుంటాడు. వాణ్ణి కూర్చోమని చెప్పాలనిపిస్తుంది. మోకాళ్ళు నొప్పెడతాయిరా అని.

సంతకాలైన రోజు సాయంత్రం ఏదో పని మీద అవ్వా, గంటా కూడా హోసూరు బస్సే ఎక్కారు (మందను ఆ పూట దొడ్లోనే కట్టేసి వచ్చారట). కుడివైపు సీటు, తబలా మాత్రం వినిపిస్తోంది. గంట అవ్వ ఒళ్ళో నిద్రపోయింది. నేను మహా సంతృప్తిగా ఉన్నాను. నా లింకు కాగితం మడత విప్పి, ఇదిగో మీ అత్త, ఇదిగో ఆమె తల్లి అని అవ్వకు గీతలు చూపిస్తున్నాను. చదువు రాని ఆమెకు ఆమె పాటనే నేను వివరిస్తున్నాను. అవ్వ ఓపిగ్గా విని, మీదే ఊరు నాయనా అని అడిగింది. బాగలూరు అన్నాను. మీ అవ్వ ఏం చేస్తా ఉండె అంది. పూలు కట్టేది అన్నాను. పాడుతా ఉండెనా అంది.

"ఆఁ, పాడేది. ఏదో పాట," అన్నాను.

"ఏదో అంటే? ఒగ వరస చెప్పు సూస్తాము."

నేను కిటికీలోంచి చూస్తూ ఒక్క వరసైనా గుర్తు తెచ్చుకోబోయాను. మామిడితోటలు పోయాయి, గుట్టలు పోయాయి. తబలా వాయిస్తూనే ఉంది.

అవ్వ నా చేతిలో కాగితం తీసుకుని, మళ్ళీ అదే మడతల మీద మడిచి, నా జేబులో పెట్టింది.

"మా ఇంటి పత్రం ఐదు తరాలు ఎతికినావు. మీ ఇంటిది యాడ పారేసుకున్నావప్పా?"